సెల్ఫ్ తిరగని పాత కారు: బ్యాటరీ కొనే ముందు చూడవలసినవి

సభ్య సంఘాల కార్యదర్శులకు, డ్రైవర్లకు, పాలకవర్గ సభ్యులకు ఉపయోగపడాలని ఈ పాఠం రాస్తున్నాము. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని తయారీ అంతకు చాలాముందే ఆగింది. అయినా పాత పెట్రోలు కార్లు, జీపులు పల్లె దారులలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఇటువంటి బళ్ళలో కంప్యూటర్ ఉండదు. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, కాయిల్, డెల్కో, డైనమో, వీటిని కలిపే వైర్లు, అంతే. ఓపికతో వరుసగా చూస్తే లోపం ఎక్కడుందో డ్రైవరే కనిపెట్టగలడు. వరుస తప్పి చూస్తే మాత్రం మంచి సామాను తీసేసి కొత్త సామాను కొంటూ పోవలసి వస్తుంది. ఆ డబ్బు సభ్యులు పోసిన పాల డబ్బే.

మేము చేసిన పొరపాటు

ముందుగా మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో పాత పెట్రోలు కారు ఉండేది. కృత్రిమ గర్భోత్పత్తి చేసే కార్యకర్త ద్రవ నత్రజని పాత్రను అందులో పెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. ఒకనాటి ఉదయం సెల్ఫ్ మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. కబురందుకుని వెళ్ళిన మేము బానెట్ ఎత్తి చూసి, "బ్యాటరీ పాతది, మార్చండి" అని కాగితం మీద రాసిచ్చాము. సంఘం కొత్త బ్యాటరీ కొన్నది. పది రోజులు బాగానే నడిచింది. ఆ తరువాత మళ్ళీ అదే మూలుగు. ఈసారి సెల్ఫ్ మోటారు విప్పించి బుష్‌లు, బ్రష్‌లు మార్పించాము. అయినా వారం తిరక్కుండానే బండి నిలిచిపోయింది.

ఆ రోజు రెండు గేదెలు ఎదలో ఉన్నాయని కబురు వచ్చి ఉంది. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలని మన సభ్యులందరికీ తెలుసు. కారు కదలలేదు, అదను దాటింది. మళ్ళీ ఎద రావాలంటే సుమారు 21 రోజులు ఆగాలి. అంటే ఈత కూడా అన్ని రోజులు వెనక్కు పోతుంది. ఆ రెండు ఇళ్ళవాళ్ళూ సంఘానికి వచ్చి అడిగితే కార్యదర్శి దగ్గర జవాబు లేదు. బండిని సరిగా చూసుకోవడం లేదని పాలకవర్గంలో డ్రైవరును నలుగురూ నాలుగు మాటలన్నారు.

అతను మాత్రం మొదటినుంచీ ఒక మాట చెబుతూనే ఉన్నాడు. "అయ్యా, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా చోక్ తీగ వేడెక్కుతోందండి, చెయ్యి పెట్టలేకపోతున్నాను" అని. మేము పట్టించుకోలేదు. చోక్‌కూ సెల్ఫ్‌కూ సంబంధమేమిటని కొట్టిపారేశాము. మూడోసారి వెళ్ళినప్పుడు స్వయంగా చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే కాలింది. అప్పుడు కారు కింద దూరి చూశాము. ఇంజనును బాడీతో కలిపే అల్లిక ఎర్త్ పట్టీ గ్రీజు, మట్టి కింద తుప్పుపట్టి తెగి ఉంది. నాలుగైదు పోగులు మాత్రం మిగిలాయి. కొత్త పట్టీ వేసి, రెండు వైపులా ఇనుము మెరిసేదాకా గీకి బిగిస్తే సెల్ఫ్ ఒక్క కొట్టుకే తిరిగింది. పాత బ్యాటరీని ఛార్జి చేయించి చూస్తే అదీ మంచిదే. బ్యాటరీకీ, సెల్ఫ్ మరమ్మతుకూ పెట్టిన డబ్బు దండగ. ఆ తప్పు డ్రైవరుది కాదు, మాదే. ఆ మాట పాలకవర్గం ముందు ఒప్పుకుని మినిట్సు పుస్తకంలో రాయించాము.

కరెంటు నడిచే దారి

ఈ లోపం ఎందుకు కనిపించలేదో తెలియాలంటే కరెంటు నడక తెలియాలి. బ్యాటరీలో ఒక కొసనుంచి బయలుదేరిన కరెంటు పని చేసి, రెండో కొసకు తిరిగి చేరాలి. పోయే దారి ఎర్రటి లావు కేబులు. వచ్చే దారికి వేరే వైరు లేదు. ఇంజను ఇనుము, బాడీ ఇనుము, వాటిని కలిపే ఎర్త్ పట్టీలే ఆ దారి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులో కరెంటు పోదు. కాబట్టి ఇంజనునుంచి బాడీకి ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది తెగితే కరెంటు దొరికిన సందునే వెతుక్కుంటుంది. చోక్ తీగ, యాక్సిలరేటరు తీగ ఇంజనునూ బాడీనీ కలుపుతాయి గనుక వాటి గుండా పోతుంది. సన్నని తీగ అంత కరెంటును మోయలేక కాలుతుంది. డ్రైవరు చెయ్యి కాలినది అందుకే.

మరి లైట్లు, హారన్ బాగా పనిచేస్తున్నాయే అని అడగవచ్చు. లెక్క చూడండి. హెడ్‌లైటు బల్బు ఒకటి సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో ఒకచోట చిలుము పట్టి 0.02 ఓము నిరోధం ఏర్పడిందనుకుందాం. 4 ఆంపియర్లకు అక్కడ పోయేది 0.08 వోల్టు. బల్బుకు ఆ తేడా తెలియదు. 150 ఆంపియర్లకు పోయేది 3 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలో 3 వోల్టులు దారిలోనే పోతే సెల్ఫ్ తిరిగేదెలా? టాంకరు గొట్టంలో గుడ్డముక్క ఇరుక్కున్నా చెంబెడు పాలు వస్తాయి. టాంకరు ఖాళీ చేయబోతేనే అడ్డు బయటపడుతుంది. ఇదీ అంతే.

దగ్గర ఉంచుకోవలసిన సామాను

1. టెస్టు ల్యాంపు. 12 వోల్టుల, 5 వాట్ల చిన్న బల్బుకు రెండు పొడుగు వైర్లు అతికించి, కొసలకు క్లిప్పులు పెట్టుకుంటే చాలు.
2. హైడ్రోమీటరు.
3. వోల్టులు చూపే మీటరు. చవకరకమైనా ఫరవాలేదు.
4. ఎమెరీ కాగితం, వైరు బ్రష్షు, వాజలిన్, ఇన్సులేషన్ టేపు, సరైన అంకెల ఫ్యూజులు.
5. లావు జంపరు కేబులు ఒకటి.

పని మొదలుపెట్టే ముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వేయాలి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరాదు. ఛార్జి అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ వాయువు అంటుకుంటుంది. టెర్మినల్ ఊడదీసేటప్పుడు ఎర్త్ వైపుది ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. అలా చేస్తే పానా జారి బాడీకి తగిలినా నిప్పులు రాలవు. కొన్ని పాత బళ్ళలో ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. ఏ కొస ఎర్త్‌కు కలిపి ఉన్నదో చూసుకోకుండా బ్యాటరీ బిగించరాదు. ఆల్టర్నేటరు ఉన్న బండిలో తిరగేసి కలిపితే డయోడ్లు మాడిపోతాయి. బ్యాటరీ పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పాల క్యాను ముట్టుకోరాదు.

మొదటి పరీక్ష: హెడ్‌లైట్లు వేసి చూడడం

సెల్ఫ్ తిరగకపోతే ముందు హెడ్‌లైట్లు వేయండి. బండిని గోడకెదురుగా నిలిపితే వెలుగు బాగా తెలుస్తుంది. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, మరొకరు వెలుగు చూడాలి.

(అ) సెల్ఫ్ కొట్టకముందే వెలుగు మందంగా ఉంటే బ్యాటరీలో ఛార్జి లేదు, లేదా టెర్మినళ్ళు చిలుము పట్టాయి.

(ఆ) ముందు వెలుగు బాగుండి, సెల్ఫ్ కొట్టగానే టక్కున ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉన్నది. బిగించి, గీకి మళ్ళీ చూడండి.

(ఇ) సెల్ఫ్ మూలుగుతూ వెలుగు బాగా తగ్గిపోతే బ్యాటరీ నీరసించింది, లేదా సెల్ఫ్ పళ్ళు ఫ్లైవీలులో ఇరుక్కున్నాయి, లేదా సెల్ఫ్ లోపల పట్టేసింది.

(ఈ) వెలుగు దాదాపు తగ్గకుండా ఉండి సెల్ఫ్ పలకకపోయినా, మూలిగినా బ్యాటరీని నిందించవద్దు. కరెంటు సెల్ఫ్‌కు చేరడం లేదు. సోలినాయిడ్ స్విచ్చు, తాళం నుంచి వచ్చే వైరు, లావు కేబులు, ఇంజను ఎర్త్ పట్టీ చూడాలి.

మేము ఆనాడు లైట్లు వేసి చూసి ఉంటే (ఈ) గుర్తు కనిపించేది. రెండు నిమిషాల పని చేయకపోవడం వల్ల బ్యాటరీ ధర పోయింది.

రెండవ పరీక్ష: బ్యాటరీ

మూతలు ఉన్న బ్యాటరీలో ఒక్కొక్క సెల్‌లో హైడ్రోమీటరు పెట్టి చూడాలి. మన ఎండల ప్రాంతంలో 1.240, ఆపైన ఉంటే ఛార్జి నిండుగా ఉన్నట్టు. 1.200కు తగ్గితే ఛార్జి పెట్టించాలి. 1.150 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. అన్ని సెల్‌లూ ఒకేలా తగ్గి ఉంటే బ్యాటరీ చెడిందని కాదు, దానికి ఛార్జి అందలేదని అర్థం. ఒక్క సెల్ మాత్రం మిగిలినవాటికంటే 0.050 తక్కువగా ఉంటే ఆ సెల్ పాడైందని అనుమానించాలి. నీళ్ళు పోసిన వెంటనే కొలిస్తే అంకె తప్పు వస్తుంది.

మీటరుతో అయితే, రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6కు దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనమైనా కావాలి, సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతున్నా కావాలి. ఛార్జి పెట్టించి మళ్ళీ చూస్తేనే ఏది నిజమో తేలుతుంది.

మూడవ పరీక్ష: దారిలో ఎంత పోతున్నది

ఇంజను అంటుకోకుండా తాళం వైపునుంచి కాయిల్‌కు వచ్చే చిన్న వైరు ఊడదీసి, కొసకు టేపు చుట్టండి. మీటరు ఒక కొసను బ్యాటరీ ఎర్త్ స్తంభం మీద పెట్టాలి, బిగింపు మీద కాదు. రెండో కొసను ఇంజను మీద మెరిసే ఇనుముకు పెట్టండి. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. మీటరు 0.3 వోల్టుకు మించి చూపితే ఎర్త్ దారిలో లోపం ఉంది. అలాగే బ్యాటరీ రెండో స్తంభానికీ సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టుకూ మధ్య చూడండి. అక్కడ 0.5 వోల్టు దాటరాదు. రెండు దారులూ బాగుండి, బ్యాటరీ 10 వోల్టులకు పైనే నిలిచి, అయినా సెల్ఫ్ మూలిగితే అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పించండి.

మీటరు లేకపోతే జంపరు కేబులు చాలు. ఒక కొస బ్యాటరీ ఎర్త్ స్తంభానికి, మరో కొస ఇంజను బోల్టుకు పట్టించి సెల్ఫ్ కొట్టండి. చటుక్కున తిరిగితే లోపం ఎర్త్ పట్టీలోనే ఉంది.

సెల్ఫ్ తిరిగినా ఇంజను అంటుకోకపోతే

ముందు నిప్పు, తరువాత పెట్రోలు చూడాలి. డెల్కో మూత నడుమ ఉన్న కాయిల్ వైరు లాగి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, కొసను ఇంజను ఇనుముకు సుమారు 6 మి.మీ. దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టండి. దగ్గర పెట్రోలు చెమ్మ ఉండకూడదు. నీలిరంగు నిప్పు గట్టిగా దూకితే కాయిల్, పాయింట్లు మంచివే. అప్పుడు రోటరు, డెల్కో మూతలో పగుళ్ళు, ప్లగ్గులు చూడాలి. వానాకాలంలో మూత లోపల చెమ్మ చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు బండి కదులుతుంది.

నిప్పు రాకపోతే టెస్టు ల్యాంపు తీయండి. తాళం తిప్పి ఉంచి, ల్యాంపు ఒక కొస ఎర్త్‌కు, మరొకటి కాయిల్‌నుంచి డెల్కోకు పోయే చిన్న వైరు బిగించిన చోట పెట్టండి. సెల్ఫ్ తిరుగుతుంటే ల్యాంపు వెలిగి ఆరుతూ ఉండాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు. మురికి పట్టాయి, లేదా ఎడం ఎక్కువైంది. అసలు వెలగకపోతే కాయిల్ రెండో కొసకు, అంటే తాళం నుంచి వైరు వచ్చే కొసకు, ల్యాంపు పెట్టి చూడండి. అక్కడ కూడా వెలగకపోతే తాళం లేదా దాని వైరు చెడింది. అక్కడ వెలిగితే కాయిల్ లోపల తీగ తెగింది, లేదా డెల్కోకు పోయే వైరు ఎక్కడో ఇనుముకు తగులుతున్నది. పెట్రోలు అంబాసిడర్‌లో పాయింట్ల ఎడం సుమారు 0.4 మి.మీ., ప్లగ్గు ఎడం సుమారు 0.6 మి.మీ. ఉంటుంది. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి.

నిప్పు బాగుంటే కార్బురేటరుకు పెట్రోలు అందుతున్నదా, చోక్ తెరుచుకుంటున్నదా చూడాలి.

రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోతే

ఎక్కడో కరెంటు కారుతున్నది. అన్ని స్విచ్చులూ ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ ఊడదీసి, ఆ స్తంభానికీ ఊడదీసిన కేబులుకూ మధ్య టెస్టు ల్యాంపు పెట్టండి. వెలిగితే కారుతున్నట్టు. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ రండి. ఏది తీయగానే ల్యాంపు ఆరుతుందో ఆ ఫ్యూజు వైర్లలో లోపం ఉంది. ఏది తీసినా ఆరకపోతే డైనమో లేదా ఆల్టర్నేటరు వైరు, సెల్ఫ్ స్విచ్చు చూడాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఆ ఫ్యూజు మీద నడిచే బల్బులు, హారన్ వైరు తీసివేసి, ఫ్యూజు ఉండే చోట టెస్టు ల్యాంపు కలపండి. వెలుగుతూ ఉంటే వైరు ఎక్కడో ఇనుముకు తగులుతున్నది. వైర్ల కట్టను కొంచెం కొంచెంగా కదుపుతూ పోండి. ల్యాంపు ఆరిన చోటే తగులుడు ఉంది. బాడీ రంధ్రాల్లో రబ్బరు రింగు ఊడిన చోట్లు, డిక్కీ మూత బందు, స్టీరింగు గొట్టం లోపలి హారన్ వైరు ముందుగా చూడాలి. ఫ్యూజు బదులు రాగితీగ, సిగరెట్టు డబ్బాలోని వెండికాగితం చుట్టడం ప్రమాదం. ఫ్యూజు కాలవలసిన చోట వైర్లు కాలి, బండే అంటుకోవచ్చు.

మన సంఘాల బళ్ళలో రెండు చోట్లు ప్రత్యేకంగా చూడాలి. దాణా బస్తాల గోదాము పక్కన నిలిపే బండిలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. డిక్కీలో క్యాన్లు పెట్టే బండిలో ఒలికిన పాలు పులిసి ఇనుమును తినివేస్తాయి. అందువల్ల వెనుక లైట్ల ఎర్త్ తుప్పు పడుతుంది. బ్రేకు తొక్కితే పక్క లైటు మందగించినా, సిగ్నలు లైటు వేస్తే మరొకటి మిణుకుమన్నా అది ఎర్త్ లోపమే. బల్బులు మార్చి లాభం లేదు.

ఛార్జి అందుతున్నదా?

ఇంజను కాస్త వేగంగా నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. బండి నిలిపినప్పటి అంకె దగ్గరే ఉంటే ఛార్జి రావడం లేదు. ముందు ఫ్యాను బెల్టు బిగువు, తరువాత డైనమో బ్రష్‌లు, కటౌటు చూడాలి. 15 దాటితే బ్యాటరీ నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి. ఛార్జి చూడడానికని ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసే అలవాటు మానుకోవాలి.

వారం, నెల లెక్కన చేయవలసినవి

వారానికొకసారి బ్యాటరీలో ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటరు పోయాలి. యాసిడ్ గానీ బావి నీళ్ళు గానీ పోయరాదు. ఎండాకాలంలో నీళ్ళు త్వరగా తగ్గుతాయి. నెలకొకసారి టెర్మినళ్ళు విప్పి, గీకి, బిగించి, పైన వాజలిన్ రాయాలి. మూడు నెలలకొకసారి ఇంజను ఎర్త్ పట్టీని, బ్యాటరీ ఎర్త్ కేబులును కిందనుంచి చూసి, చేత్తో లాగి, తుప్పు తీసి బిగించాలి.

వాహన రిజిస్టరులో ఒక పేజీ ఇందుకు కేటాయించండి. తేదీ, డ్రైవరు చెప్పిన లక్షణం, చేసిన పరీక్ష, మీటరు చూపిన అంకె, మార్చిన సామాను వరుసగా రాయాలి. పరీక్ష గడి ఖాళీగా ఉంటే కొత్త సామాను బిల్లు మీద సంతకం పెట్టవద్దని పాలకవర్గాలను కోరుతున్నాము. డ్రైవరు చెప్పిన లక్షణాన్ని అతని మాటల్లోనే రాయండి. "చోక్ తీగ కాలుతోంది" అన్న ఒక్క మాట మొదటిరోజే మా కాగితంలో ఉండి ఉంటే ఆ రెండు గేదెలకు అదను తప్పేది కాదు.

చదివినవారు తమను తాము వేసుకోవలసిన ప్రశ్నలు

1. హెడ్‌లైట్లు బాగా వెలుగుతూ సెల్ఫ్ తిరగకపోతే ముందు ఏవి చూడాలి?
2. ఇంజను ఎర్త్ పట్టీ తెగితే చోక్ తీగ ఎందుకు వేడెక్కుతుంది?
3. అన్ని సెల్‌లూ 1.180 చూపితే బ్యాటరీ మార్చాలా, ఛార్జి పెట్టించాలా?
4. డెల్కో వైరు దగ్గర పెట్టిన టెస్టు ల్యాంపు ఆరకుండా వెలిగితే లోపం ఎక్కడ?

జవాబులన్నీ ఈ పాఠంలోనే ఉన్నాయి. డ్రైవరు, కార్యదర్శి కలిసి ఒక ఆదివారం బండి దగ్గర కూర్చుని, బండి బాగున్నప్పుడే ఈ పరీక్షలన్నీ ఒకసారి చేసి అంకెలు రాసి పెట్టుకోండి. బండి చెడిన రోజున పోల్చి చూసుకోవడానికి అవే పనికివస్తాయి.